లోతు నాలుగున్నర

మీనాకుమారికి బావగారి మీద అనుమానం పుట్టింది ఆ గొట్టాన్ని చూశాకే. నీలంరంగు ప్లాస్టిక్ గొట్టం, మనిషి తొడంత లావున, శ్యాంబాబు ఇంజను దగ్గర మొదలై, రెండు చెరువులకీ మధ్యనున్న గట్టు దాటి, వీళ్ళ చెరువులోకి మూతి పెట్టి పడుకుని ఉంది. చుట్టూ చచ్చిన చేపలు. బొచ్చెలు, శీలావతులు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇంకా ప్రాణమున్నవి నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. అప్పుడే తెల్లవారింది. గట్టు మీద ఆమె భర్త గున్నేశ్వరరావు లుంగీ ఎగగట్టి, తోడల్లుడి మీద విరుచుకుపడుతున్నాడు.

"ఏం కలిపారండి నా చెరువులో? చెప్పండి, ఏం కలిపారు?"

మా వైపు మనుషులు గొంతు పట్టుకునేటప్పుడు కూడా 'అండి' వదలరు.

"కలపడం ఏంటయ్యా!" అన్నాడు శ్యాంబాబు. "చేపలు తేలుతున్నాయని కాలవ నీళ్ళు తోడి పెడుతున్నాను. నువ్వు తర్వాత అరుద్దువు గాని, ఆ ఇంజను మాత్రం ఆపకు."

గున్నేశ్వరరావు ముందు చేసిన పని ఇంజను ఆపడమే. తర్వాత గొట్టాన్ని ఈడ్చి అవతల పారేశాడు.

శ్యాంబాబు మీనాకుమారి సొంత అక్క లోవలక్ష్మి భర్త. రామచంద్రపురం దగ్గరున్న ఈ ఊళ్ళో అందరికంటే ముందు చేపల చెరువు తవ్వించింది ఆయనే. గున్నేశ్వరరావు నిన్నమొన్నటిదాకా వరి పండించినవాడు. పక్క చేలో తోడల్లుడి చేపలు లారీలెక్కి పోతుంటే చూసి చూసి, కిందటేడు తనూ రెండెకరాలు చెరువు చేశాడు. మొదట్లో అన్నీ 'అన్నయ్యగారూ' అంటూ శ్యాంబాబుని అడిగే చేసేవాడు. మేత ఎంత వెయ్యాలన్నా, సున్నం ఎప్పుడు చల్లాలన్నా ఆయనే దిక్కు. వేసవిలో శ్యాంబాబు చేపలు పట్టించి పాత నీళ్ళు మురుగు కాలవలోకి వదిలాడు. ఆ నీళ్ళు వీళ్ళ తూములోంచి చెరువులోకి వచ్చాయి. అక్కడ మొదలైంది తగువు. మాటా మాటా పెరిగి మగాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అక్కచెల్లెళ్ళు మాత్రం మొగుళ్ళు ఇంట్లో లేనప్పుడు ఫోన్లలో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఈ తగువు లేకపోతే ఈ కథే లేదు. ఎందుకంటే, చెరువులో ఆకుపచ్చగా పాచి పట్టినప్పుడు గున్నేశ్వరరావు గట్టు దాటి వెళ్ళి 'అన్నయ్యగారూ, ఏం వెయ్యమంటారు?' అని ఒక్క మాట అడిగి ఉండేవాడు. పౌరుషం అడ్డొచ్చింది. తిన్నగా చిట్టియ్య మందుల కొట్టుకి పోయాడు. చిట్టియ్య మైలుతుత్తం వెయ్యమని చెప్పి, ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. ఘనపు మీటరు నీటికి అర గ్రాము అని ఉంది అందులో. చెరువు విస్తీర్ణాన్ని లోతుతోనూ, దాన్ని మోతాదుతోనూ హెచ్చవేస్తే ఎంత మందు కావాలో వస్తుందట.

గున్నేశ్వరరావుకి ఆ హెచ్చవేత గురించి చింత లేదు. ఇంట్లో లెక్కల టీచరుంది. మీనాకుమారి పన్నెండేళ్ళుగా ఊరి ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతోంది. జవాబు పక్కన సెంటీమీటర్లో, లీటర్లో రాయకపోతే అర మార్కు నిర్దాక్షిణ్యంగా కోసేస్తుందని ఆమెకి పేరు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి బతిమాలినా ఆ అర మార్కు తిరిగి రాదు.

ఆయన కరపత్రం ఫొటో తీసి పంపి, గట్టు మీంచి ఫోన్ చేసినప్పుడు ఆమె స్టాఫ్‌రూములో ఉంది. "రెండెకరాలు. లోతు నాలుగున్నర," అన్నాడు. ఆమె ఎకరాలని చదరపు మీటర్లలోకి మార్చింది, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. హెచ్చవేసింది. పద్ధెనిమిది కిలోలు అని చెప్పింది. ఆ సాయంత్రమే మందు నీళ్ళలో కలిపి చెరువంతా చల్లారు. తెల్లారేసరికి ఇదీ సంగతి.

గొట్టం చూసిన కోపం కాస్త చల్లారాక, అనుమానం చిట్టియ్య మీదకి మళ్ళింది. కల్తీ మందు అంటగట్టాడని గున్నేశ్వరరావు కొట్టు ముందు నిలబడి పదిమందీ వినేలా కడిగేశాడు.

"అదే డ్రమ్ములోంచి లోవరాజు పట్టుకెళ్ళాడండి, ఆయన చెరువు చక్కగా ఉంది," అన్నాడు చిట్టియ్య. "పద్ధెనిమిది కిలోలంటే ఏ మూడు నాలుగు చెరువులకో అనుకున్నాను నేను."

"చూశావా, మాట ఎలా మారుస్తున్నాడో!" అన్నాడు గున్నేశ్వరరావు ఇంటికొచ్చి. మీనాకుమారి కూడా అవునంది. చిట్టియ్య చెప్పినదాన్ని ఇద్దరూ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశారు.

అయినా లోవరాజు చెరువు బాగానే ఉందని ఊరందరికీ తెలుసు. కాబట్టి అనుమానం చిట్టియ్యని వదిలిపెట్టి, తిరిగి గట్టు మీదకి, ఆ నీలం గొట్టం దగ్గరకి వచ్చింది.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఊరికే కూర్చోదు. పాత మాటలన్నీ తవ్వుతుంది. మీనాకుమారికి పదిరోజుల కిందట జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. స్కూలు గేటు దగ్గర శ్యాంబాబు బండి ఆపి, "చెరువులో పాచి పట్టిందటగా అమ్మా? ఏం వేద్దామనుకుంటున్నాడు మీ ఆయన?" అని అడిగాడు. ఆవేళ ఆ మాట ఆమెకి ఎంతో ఆప్యాయంగా అనిపించింది. మొగుడితో మాటల్లేకపోయినా మరదల్ని అడిగి కనుక్కుంటున్నాడని మురిసిపోయింది కూడా. ఇప్పుడదే మాట వేరేగా వినిపించింది. ఏం వేస్తున్నారో ఆయనకెందుకు? మేము మందు వేసే రోజు చూసుకుని, ఆ ముసుగులో తన పని కానిద్దామనా?

ఈ ఆలోచన ఆమె తనలోనే ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. అన్నం వడ్డిస్తూ భర్తతో చెప్పేసింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఒక రకమైన హుషారు కూడా ఉంది, ఏదో కష్టమైన లెక్క తేలినట్టు.

గున్నేశ్వరరావు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "నిన్ను అడిగాడా? నీ నోటితో చెప్పించుకున్నాడా?"

"మందు వేస్తామనే చెప్పానండి. అంతే."

"అది చాలదూ!"

ఆవేళ్టినుంచి ఆయనకి వేరే మాట లేదు. అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ గొట్టం కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గొట్టం ఇంకాస్త లావెక్కింది. లోవలక్ష్మి రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. తెర మీద 'అక్క' అని వెలుగుతుంటే మీనాకుమారి ఫోన్‌ని బోర్లించి పెట్టేది. ఎత్తితే ఏం మాట్లాడాలి? మీ ఆయన ఎందుకు చేశాడని అడగాలా? అడిగితే అక్క ఏడుస్తుంది. ఏడిస్తే తను కరిగిపోతుంది. అలా కరిగించడానికే చేస్తోందేమో అని కూడా అనిపించింది. సొంత అక్క మీద అంత మాట అనుకున్నందుకు సిగ్గేసింది గాని, ఫోన్ మాత్రం ఎత్తలేదు.

గున్నేశ్వరరావు చేపలు చచ్చిన రోజే సీసాతో చెరువు నీళ్ళు పట్టి కాకినాడలో ఒక ల్యాబుకి పంపాడు. ఆదివారం మధ్యాహ్నం రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. అది చూసి ఆయన గంతేసినంత పని చేశాడు.

"మీనా! దొరికాడు! ఇదిగో చూడు, నీళ్ళలో మైలుతుత్తం ఎంతుందో. మనం వేసింది అర గ్రాము లెక్కనే కదా?"

"అవునండి. ఘనపు మీటరుకి అర గ్రాము."

"ఇక్కడ ఒకటీ పాయింట్ ఆరు ఉంది. మనం వేసింది అర. మిగతాది ఎవరు వేశారు? ఆకాశంలోంచి ఊడిపడిందా? పురుగుమందు కలిపితే దొరికిపోతానని, మనం వేసిన మందే ఇంకాస్త తెచ్చి కలిపాడు. ఎంత తెలివి! ఎంత తెలివి!"

మీనాకుమారి రిపోర్టు రెండుసార్లు చదివింది. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. అర ఉండాల్సిన చోట ఒకటిన్నర పైన ఉంది. ఆ అనుమానం ఇక అనుమానం కాదు, రుజువు అనిపించింది. అక్క మొహం కళ్ళముందు కదిలింది.

"నేను స్టేషన్‌కి పోతున్నా," అన్నాడు గున్నేశ్వరరావు. "ఎస్సైగారితో పొద్దున్నే మాట్లాడాను, రిపోర్టు రాగానే రమ్మన్నారు. శ్యాంబాబునీ పిలిపిస్తానన్నారు. కేసు కట్టించి తీరతాను. నువ్వు వేసిన లెక్క చూపించాలి, ఎస్సైగారికి అర్థమయ్యేలా శుభ్రంగా తిరిగి రాసివ్వు. మనం సరిగ్గానే వేశామని తేలాలి ముందు."

ఆయన చొక్కా వేసుకోవడానికి గదిలోకి వెళ్ళాడు. మీనాకుమారి స్టాఫ్‌రూములో లెక్క వేసిన కాగితం పక్కన పెట్టుకుని, భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితం తీసుకుని కూర్చుంది. బోర్డు మీద రాసినట్టే, గుండ్రటి అక్షరాలతో మొదలుపెట్టింది. విస్తీర్ణం 8094 చదరపు మీటర్లు. కింద, లోతు 4.5 అని రాసింది. పన్నెండేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే ఆ అంకె పక్కన ఇంకో మాట రాయడానికి కదిలింది.

కదిలి ఆగిపోయింది.

నాలుగున్నర ఏమిటి?

ఆయన చెప్పలేదు. ఈ ఊళ్ళో ఎవరూ చెప్పరు. చెరువులో నీళ్ళెంత అంటే నాలుగు అంటారు, అయిదు అంటారు. అడుగులని నోటితో అనే మనిషి ఉండడు, వినేవాడికి తెలియకపోతే కదా చెప్పడానికి. గట్టు మీద పుట్టి పెరిగిన పిల్లకి అది తెలియక కాదు. ఆవేళ ఆమె ధ్యాసంతా ఎకరాల మీద ఉంది. ఎకరాలని మీటర్లలోకి మార్చడంలో పొరపాటు రాకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని మార్చింది. లోతుని మాత్రం ఆయన నోటినుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే తెచ్చి మీటర్ల పక్కన కూర్చోబెట్టింది.

ఒకటీ పాయింట్ ఆరుని అరతో భాగించింది. మూడూ పాయింట్ రెండు. మీటరుకి అడుగులు మూడూ పాయింట్ రెండు ఎనిమిది. ఆరో తరగతి పిల్లలతో బట్టీ పట్టించే అంకె అది.

నాలుగున్నర అడుగులని మీటర్లలోకి మార్చి మళ్ళీ హెచ్చవేసింది. అయిదున్నర కిలోలు వచ్చింది. వేసింది పద్ధెనిమిది.

చెరువులో విషం కలిపింది తను. ఎవరో గట్టు దాటి రాలేదు. బావగారు నిజంగానే కాలవ నీళ్ళే పెడుతున్నారు. ఆ కొన ఊపిరితో ఉన్న చేపల్ని బతికించే నీళ్ళని తన మొగుడు ఆపేశాడు, తను పక్కనే నిలబడి చూసింది.

"అయిందా?" అంటూ వచ్చాడు గున్నేశ్వరరావు.

"ఏమండీ, ఆగండి. తప్పు నాదే. మీరు అడుగుల్లో చెప్పారు. నేను మీటర్లనుకుని వేశాను. మూడింతల మందు పడింది. బావగారు ఏం చెయ్యలేదు."

ఆయన ఆమె వైపు చూశాడు. కోప్పడతాడనుకుంది. తిడతాడనుకుంది. ఆయన కళ్ళలోకి మెల్లగా వచ్చింది అది కాదు. ఇన్నాళ్ళూ శ్యాంబాబు పేరెత్తినప్పుడు వచ్చిన చూపది.

"మీ అక్క ఫోన్ చేసిందా?"

"లేదండి. ఆవిడ ఫోన్లు నేనెత్తితే కదా!"

"మరి పది నిమిషాల కిందట లేని లెక్క ఇప్పుడెక్కడినుంచి వచ్చింది? కేసు పెడతానంటే గాని గుర్తు రాలేదా?"

"ఇప్పుడే రాస్తుంటే తెలిసిందండి. కావాలంటే చూడండి..."

"ఏం చూడమంటావు? యూనిట్ రాయలేదని పిల్లల మార్కులు కోసే మనిషివి, నీకు అడుగులకీ మీటర్లకీ తేడా తెలియలేదంటే ఎవడు నమ్ముతాడు? అక్క కొంప నిలబెట్టడానికి నా నెత్తిన చెయ్యి పెడుతున్నావు. నువ్వు లెక్కల టీచరువి మీనా. ఏ జవాబు కావాలంటే ఆ జవాబు వచ్చేలా వేసి చూపిస్తావు."

ఆమె ఇన్నాళ్ళూ ఏ పేరు చూసుకుని గర్వపడిందో ఆ పేరే ఇప్పుడు ఆమె నిజం చెప్పినా నమ్మనివ్వడం లేదు. బల్ల మీదున్న పాత లెక్క కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. మీనాకుమారి చెప్పులేసుకుని, వీధి చివర ఆటో పట్టుకుని వెనకే బయల్దేరింది.

స్టేషన్లో ఎస్సై అనిల్ కుమార్ బల్లకి ఒక పక్క గున్నేశ్వరరావు కూర్చున్నాడు. రెండో పక్క శ్యాంబాబు నిలబడి ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు కాబోలు. ఆయన వెనక గోడవారగా లోవలక్ష్మి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెల్లెల్ని చూడగానే ఒక అడుగు ముందుకేసి, ఏమనుకుందో ఆగిపోయింది.

"తప్పు నాదండి," అంది మీనాకుమారి ఎస్సైతో, గుమ్మంలోంచే. మొత్తం చెప్పింది.

"మా ఆవిడ వాళ్ళ అక్కగారి కోసం చెబుతోందండి," అన్నాడు గున్నేశ్వరరావు. "రిపోర్టు చూడండి మీరు."

ఎస్సై ఒకసారి రిపోర్టునీ, ఒకసారి కాగితాన్నీ, ఒకసారి ఆమెనీ చూశాడు. ఆయన మొహంలోనూ అదే అనుమానం. "టీచరుగారూ, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కాని అక్కచెల్లెళ్ళు కదా, మీ ఆయన అలా అనుకోవడంలోనూ తప్పులేదు," అన్నాడు.

అప్పుడు మీనాకుమారి ఎస్సైని వదిలి భర్త వైపు తిరిగింది. క్లాసులో మొండి పిల్లాడి బెంచీ దగ్గరకి వెళ్ళి నిలబడినట్టు ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నన్ను నమ్మొద్దు. ఒక్కటి చెప్పండి. మందు చల్లిన రోజు మీరు చెరువులోకి దిగారు కదా. నడిమధ్యలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

"ఇదిగో, ఇక్కడికి," అని చేత్తో చంక కింద చూపించాడు గున్నేశ్వరరావు, అడిగిన ప్రశ్నలో ఏం మెలిక ఉందోనని అనుమానంగా చూస్తూనే.

"నేను పద్ధెనిమిది కిలోలు లెక్క కట్టింది నాలుగున్నర మీటర్ల నీళ్ళకి. అంటే ఈ స్టేషన్ శ్లాబు మునిగిపోయి, దానిమీద ఇంకా మీ మోకాళ్ళు దాటే నీళ్ళకి. మన చెరువులో అన్ని నీళ్ళు ఎప్పుడున్నాయండి?"

గున్నేశ్వరరావు తలెత్తి శ్లాబు వైపు చూశాడు. అక్కడినుంచి చూపు మెల్లగా గోడ వెంబడి దిగి, తన చెయ్యి దగ్గరకి వచ్చింది. చెయ్యి ఇంకా చంక కిందే ఉంది. దాన్ని దించడం మర్చిపోయాడు.

ఎస్సై కాగితాలన్నీ దగ్గరికి తీసి, "ఏమంటారండి?" అన్నాడు.

"ఏమంటాను," అన్నాడు గున్నేశ్వరరావు. లేచి శ్యాంబాబు దగ్గరకి వెళ్ళి, "అన్నయ్యగారూ..." అని ఆగిపోయాడు.

"అది తర్వాత," అన్నాడు శ్యాంబాబు. "చెరువులో ఇంకా చేపలున్నాయి. వెళ్ళి గొట్టం వేద్దాం పద. ఆ నీళ్ళు సగమైనా మారాలి."

మగాళ్ళిద్దరూ ఎస్సై చూపించిన చోట సంతకాలు పెడుతున్నారు. మీనాకుమారి వరండాలోకి వచ్చింది. మనుషులు దక్కారు, చేపలు పోతే పోయాయి అనుకుంది. లోవలక్ష్మి ఆమె వెనకే వచ్చి పక్కన నిలబడింది.

"మీనా."

"తప్పైపోయిందక్కా. అంత లెక్క వచ్చిన దాన్ని..."

"లెక్క సంగతి వదిలెయ్. లెక్క ఎవరికైనా తప్పుతుంది." లోవలక్ష్మి ఆమె వైపు తిరిగింది. "మీ ఆయన అన్నాడు, ఊరంతా అంది. నువ్వు కూడా అనుకున్నావా? మీ బావగారు విషం కలిపారని?"

లేదని చెప్పేస్తే అయిపోయేది. అన్నం వడ్డిస్తూ తను ఏం చెప్పిందో గున్నేశ్వరరావుకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఎప్పటికీ బయటపెట్టడు. మీనాకుమారి అక్క మొహంలోకి చూసింది. ఆ మొహంలో కోపం లేదు, ఇంకా ఏదో ఆశ ఉంది.

"అనుకున్నానక్కా," అంది.

లోవలక్ష్మి తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు ఫోన్ ఎత్తకపోతే, మీ ఆయన ఎత్తనివ్వడం లేదనుకున్నానే," అంది. "పాపం అది ఎంత నలిగిపోతోందో అని మీ బావగారితో రోజూ అంటూనే ఉన్నాను."

మెట్లు దిగి వెళ్ళి, భర్త బండి పక్కన అటువైపు తిరిగి నిలబడింది.